పాలు కలిసినా లెక్క కలవాలి

(రుద్రంగిలో పాల సంఘాల కార్యదర్శులకు, పాల పరీక్షకులకు, పాలకవర్గ సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు అప్పగించిన విషయం "మిశ్రమాల లెక్కలు - బీజగణితం". ఈ పేరు వినగానే వెనుక వరుసలో ఒకరిద్దరు చెప్పుల వైపు చూశారు. వారిని కాసేపు కూర్చోవలసిందిగా కోరుతున్నాము. పాలలో నీళ్ళు కలిపిన వ్యాపారి లెక్కను మనలో బడికి పోయినవారంతా ఎప్పుడో ఒకప్పుడు చేసినవారే. బడిలో ఆ లెక్క తప్పితే ఒక మార్కు పోతుంది. సంఘంలో అదే లెక్క తప్పితే ఒక మనిషి పరువు పోతుంది. అందుచేత ఇది పిల్లల పాఠమని తోసివేయకుండా వినవలసిందని మనవి.

సహకార డిప్లొమాలో మాకు జమాఖర్చులు, ఆస్తి అప్పుల పట్టీలు, ఉపనిబంధనలు నేర్పారు. అవి అవసరమే. కాని పాల సంఘాల తనిఖీలో ఇన్నేళ్ళుగా మేము చూసిన తగాదాల్లో సగానికి సగం నగదు పుస్తకంలో పుట్టినవి కావు. క్యాను దగ్గర పుట్టినవి. వాటిని తీర్చడానికి కావలసినది చట్టం కన్నా ముందు ఒక చిన్న సమీకరణం.

శాతాలను కూడవద్దు, వెన్నను కూడండి

మన సంఘం ప్రతి పూటా చేసే పని ఏమిటి? రకరకాల పాలను ఒకచోట కలపడం. ఒక ఇంట్లో బర్రె, ఒక ఇంట్లో సంకరజాతి ఆవు, ఇంకొక ఇంట్లో రెండూ ఉంటాయి. ఒకరు రెండు లీటర్లు పోస్తారు, ఒకరు పదిహేను పోస్తారు. బర్రె పాలలో వెన్న నూటికి ఏడు పాళ్ళ వరకు పడుతుంది. సంకరజాతి ఆవు పాలలో నాలుగుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇవన్నీ క్యాన్లలోకి, అక్కడి నుంచి శీతలీకరణ కేంద్రానికి, ఆపైన ట్యాంకరులోకి పోతాయి. కలిసిన పాలను మళ్ళీ ఎవరింటి పాలు వారికి విడదీయడం ఎవరి తరమూ కాదు. కాని లెక్కను విడదీయవచ్చు. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట మీదనే.

సులువైన అంకెలు తీసుకుందాము. ఒక సంఘం ఉదయం పూట 30 కిలోల బర్రె పాలు, 90 కిలోల ఆవు పాలు పంపింది. బర్రె పాలకు వెన్న 7, ఆవు పాలకు 4. శీతలీకరణ కేంద్రంలో అన్నీ కలిపి పరీక్షిస్తే 4.75 వచ్చింది. పాలకవర్గంలో ఒకరు వేళ్ళ మీద లెక్క వేశారు. ఏడు, నాలుగు కలిపితే పదకొండు. అందులో సగం అయిదున్నర. "అయిదున్నర రావాలె గదా, నాలుగు ముప్పావే ఎట్ల వచ్చింది? గింత వెన్న ఏడ పోయింది?" అన్నారు. అందరూ కార్యదర్శి ముఖం చూశారు.

ఆయన లెక్క ప్రకారం 120 కిలోల పాలకు 5.5 చొప్పున 6 కిలోల 600 గ్రాముల వెన్న ఉండాలి. కేంద్రం చెప్పిన 4.75 ప్రకారం 5 కిలోల 700 గ్రాములే ఉంది. పూటకు 900 గ్రాములు తక్కువ. రెండు పూటలు, ముప్పై రోజులు, అంటే నెలకు 54 కిలోలు. లెక్క కోసం కిలో వెన్న 700 రూపాయలు అనుకుంటే 37,800 రూపాయలు. ఇంత సొమ్ము తిన్నాడన్న మాట ఊరిలో పుట్టడానికి ఒక్క సాయంత్రం చాలు. ఆ మాట చెరిపేయడానికి ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాము. శాతం అనేది సరుకు కాదు, సరుకును కొలిచే ఒక మాట. ఏడు శాతాన్ని, నాలుగు శాతాన్ని కూడి సగం చేయడం ఎప్పుడు చెల్లుతుంది? రెండు రకాల పాలూ సమానంగా ఉన్నప్పుడు మాత్రమే. ఇక్కడ ఆవు పాలు మూడింతలు ఉన్నాయి. కాబట్టి ముందు వెన్నను కిలోల్లోకి మార్చాలి. 30 కిలోలకు 7 చొప్పున 2 కిలోల 100 గ్రాములు. 90 కిలోలకు 4 చొప్పున 3 కిలోల 600 గ్రాములు. మొత్తం 5 కిలోల 700 గ్రాములు. దీనిని 120 కిలోలకు పంచితే 4.75. కేంద్రం చెప్పిన అంకె ఇదే. వెన్న ఎక్కడికీ పోలేదు. పోయిందనుకున్న 900 గ్రాములు ఏ క్యానులోనూ ఎన్నడూ లేవు.

కాబట్టి మొదటి సూత్రాన్ని ఇలా గుర్తు పెట్టుకోండి. పాలు కలిసినప్పుడు బరువుకు బరువు కలుస్తుంది, వెన్నకు వెన్న కలుస్తుంది, శాతానికి శాతం కలవదు. మిశ్రమాల లెక్క ఎంత పెద్దదైనా దీనికి మించినది ఏమీ లేదు.

లీటరు వేరు, కిలో వేరు

లెక్క మొదలు పెట్టేముందు కొలత ఒకటిగా ఉండాలి. చాలా సంఘాల్లో సభ్యుల దగ్గర పాలు లీటర్లలో కొలుస్తారు. కేంద్రంలో కాటా మీద కిలోల్లో తూస్తారు. పాలు నీళ్ళ కన్నా కొంచెం బరువు. లీటరు పాలు రమారమి ఒక కిలో 30 గ్రాములు తూగుతాయి. సంఘం పుస్తకంలో 116.5 లీటర్లు ఉంటే కేంద్రం చీటీలో 120 కిలోలు ఉంటుంది. ఆ మూడున్నర మిగులు కాదు. మిగులని భ్రమపడి ఎవరైనా ఆ మేరకు పాలు పక్కన పెడితే, సాయంత్రానికి వెన్న లెక్కలో లోటు తేలుతుంది. ముందు లీటర్లను 1.03తో హెచ్చించి కిలోలు చేయండి. ఆ తరువాతే మిగతా లెక్క.

అలాగే, మిశ్రమం అంటే నిజంగా మిశ్రమం కావాలి. నిలిచిన పాలలో వెన్న పైకి తేలుతుంది. ప్లంజరుతో పైనుంచి అడుగు దాకా బాగా కలియబెట్టకుండా పైపైన నమూనా తీస్తే ఎక్కువ చూపుతుంది. అడుగు నుంచి తీస్తే తక్కువ చూపుతుంది. నమూనా తప్పితే దాని మీద కట్టిన బీజగణితం అంతా ఇసుక మీద కట్టిన గోడే.

తెలియని దానికి ఒక పేరు

ఇంతవరకు అన్ని అంకెలూ తెలుసు. ఒక అంకె తెలియనప్పుడే బీజగణితం పని మొదలవుతుంది. అదే 120 కిలోలు తీసుకుందాము. మిశ్రమం వెన్న 4.75 అని తెలుసు, బర్రె పాలు 7, ఆవు పాలు 4 అని తెలుసు. ఏ పాలు ఎన్ని కిలోలో రాసిన కాగితం తడిసి చెరిగిపోయింది. ఇప్పుడేమి చేయాలి?

మన ప్రాచీన గణితజ్ఞులు తెలియని రాశికి "యావత్ తావత్" అని పేరు పెట్టారు. ఎంతో అంత అని దాని అర్థం. రాసేటప్పుడు పొట్టిగా "యా" అనేవారు. రెండవ తెలియని రాశి వస్తే రంగు పేరు పెట్టి "కాలకం", మూడవది వస్తే "నీలకం" అనేవారు. వాటికి "కా", "నీ" అని గుర్తులు. నేటి పిల్లలు ఎక్స్, వై అంటున్నారు. పేరు ఏదైనా ఒకటే. దొరకని వస్తువును వెతకాలంటే ముందు దానికి ఒక పేరుండాలి.

బర్రె పాలు "యా" కిలోలు అనుకుందాము. అప్పుడు ఆవు పాలు 120లోంచి "యా" తీసివేయగా మిగిలినవి. బర్రె పాల వెన్న 7 యా. ఆవు పాల వెన్న నాలుగింతల 120, అంటే 480, అందులోంచి 4 యా తీసివేయాలి. రెండూ కలిపితే మొత్తం 120ని 4.75తో హెచ్చించిన 570 కావాలి. 7 యాలోంచి 4 యా పోగా 3 యా. 570లోంచి 480 పోగా 90. మూడు యా తొంభై అయితే ఒక యా ముప్పై. బర్రె పాలు 30 కిలోలు, ఆవు పాలు 90 కిలోలు. చెరిగిన కాగితం మళ్ళీ చదివినట్టే.

కాగితం, పెన్సిలు అక్కరలేకుండా నోటితో చేయాలనుకునే వారికి ఇంకొక దారి ఉంది. అన్నీ ఆవు పాలే అనుకోండి. 480 రావాలి. వచ్చింది 570. ఎక్కువ 90. ఒక్కొక్క కిలో ఆవు పాలను తీసి దాని బదులు బర్రె పాలు పోస్తే మూడు చొప్పున పెరుగుతుంది. తొంభై పెరగాలంటే ముప్పై సార్లు మార్చాలి. జవాబు అదే 30. చదువురాని సభ్యురాలికి కూడా ఈ దారిలో చెబితే వెంటనే అర్థమవుతుంది. లెక్క అర్థమైన చోట అనుమానం నిలవదు.

ఇవి సీమ నుంచి వచ్చిన లెక్కలని అనుకోవద్దు. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యులు "గణితసార సంగ్రహం" రాశారు. అందులో మిశ్రమాల లెక్కలకు "మిశ్రక వ్యవహారం" అనే పూర్తి అధ్యాయమే ఉంది. తరువాతి కాలంలో మన పక్కనున్న వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్యులు ఆ రాష్ట్రకూటుల సామంతులే. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చారు. తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథంగా దానినే చెప్పుకుంటాము. భాస్కరాచార్యులు 1150లో రాసిన "లీలావతి"లోనూ బంగారం కలిపే లెక్కలు ఉన్నాయి. ఆనాడు పాల సంఘాలు లేవు, కంసాలి కొలిమి ఉంది. మూడు తులాల పదహారు వన్నె బంగారంలో ఒక తులం పన్నెండు వన్నె బంగారం కలిపితే ఎన్ని వన్నెలవుతుంది? పదహారు, పన్నెండు కలిపి సగం చేసి పద్నాలుగు అంటే కంసాలి నవ్వుతాడు. మూడు పదహార్లు నలభై ఎనిమిది, ఒక పన్నెండు, మొత్తం అరవై. నాలుగు తులాలకు పంచితే పదిహేను వన్నెలు. మన క్యాను లెక్కా, ఆయన మూస లెక్కా ఒక్కటే. వన్నె బదులు వెన్న వచ్చింది, అంతే.

"మిగతా రెండు ఎవరు తిన్నరు?"

ఒక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. భర్త గల్ఫు దేశంలో ఉన్నాడు, ఇంట్లో రెండు బర్రెలు. "సారూ, నా పాలు ఆరున్నర పడ్తయి. గవే పాలు పట్నంల నాలుగున్నర అని ప్యాకెట్ మీద రాసి అమ్ముతరు. మిగతా రెండు ఎవరు తిన్నరు?" అన్నది. సభలో కొందరు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదు. సహకార సంఘంలో ప్రతి సభ్యుడూ అడగవలసిన ప్రశ్న అది. "అమ్మా, కూర్చో, లెక్క చూసుకుందాం" అని బల్ల మీద ఈ లెక్క వేశాము.

మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం స్టాండర్డైజ్డ్ పాలలో వెన్న 4.5, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 ఉండాలి. ఎస్.ఎన్.ఎఫ్. అంటే వెన్న, నీరు పోగా పాలలో మిగిలే మాంసకృత్తులు, పాలచక్కెర, లవణాలు. 1000 కిలోల ఆరున్నర పాలను నాలుగున్నరకు తేవడానికి డెయిరీలో వెన్న తీసిన పాలు కలుపుతారు. ఆ పాలలో వెన్న 0.5 అనుకుందాము. ఎన్ని కిలోలు కలపాలో తెలియదు, "యా" అనుకుందాము. మొదటి పాల వెన్న 6500, కలిపిన పాల వెన్న అర యా. మొత్తం 1000, యా కలిపిన బరువును 4.5తో హెచ్చించినంత కావాలి, అంటే 4500, 4.5 యా. రెండు వైపులా సరిచేస్తే 2000కు 4 యా సమానం. యా 500.

అంటే 1000 కిలోలు 1500 కిలోలయినాయి. వెన్న మొదట 65 కిలోలు, కలిపిన పాలతో వచ్చింది రెండున్నర, మొత్తం 67 కిలోల 500 గ్రాములు. 1500 కిలోలకు నాలుగున్నర చొప్పున చూసినా 67 కిలోల 500 గ్రాములే. మిగతా రెండు ఎవరూ తినలేదు. అవి ఇంకొక 500 కిలోల పాలలోకి పరుచుకున్నాయి. "నీకు ఇచ్చిన ధర ఆరున్నరకా, నాలుగున్నరకా?" అని అడిగాము. పాసుపుస్తకం చూసి "ఆరున్నరకే" అన్నది. లెక్క అక్కడికి తేలింది.

ఇక్కడ ఇంకొక మాట. వెన్న తీసిన పాలకు బదులు అదే 1000 కిలోల్లో నీళ్ళు పోసినా వెన్న నాలుగున్నరకు దిగుతుంది. 444 కిలోల నీళ్ళు పోస్తే చాలు. మరి తేడా ఏమిటి? ఎస్.ఎన్.ఎఫ్. చూడండి. బర్రె పాలలో అది 9, వెన్న తీసిన పాలలో 8.7 అనుకుంటే మొదటి పద్ధతిలో 90 కిలోలు, 43 కిలోల 500 గ్రాములు కలిసి 1500 కిలోల్లో 8.9 శాతం వస్తుంది. నిబంధనకు సరిపోయింది. నీళ్ళు పోసిన పాలలో ఆ 90 కిలోలే 1444 కిలోలకు పరుచుకొని 6.2 దగ్గర ఆగుతుంది. వెన్న లెక్క రెంటికీ ఒక్కటే. ఒకటి సరుకు, రెండవది కల్తీ. వెన్న ఒక్కటే చూసే కన్ను ఈ తేడాను పట్టలేదు.

1940లలో బొంబాయిలో దారా ఖురోడీ గారు టోన్డ్ పాలను రూపొందించినప్పుడు చేసినది ఈ రెండు కళ్ళ లెక్కే. చిక్కని బర్రె పాలలో పాలపొడి, నీరు కలిపి ఎక్కువ మందికి తక్కువ ధరలో అందించారు. త్రిభువన్‌దాస్ పటేల్, వర్గీస్ కురియన్ గార్లతో పాటు ఆయనకు 1963లో మెగసెసె పురస్కారం లభించింది. టోన్డ్ పాలకు నేటి ప్రమాణం వెన్న 3, ఎస్.ఎన్.ఎఫ్. 8.5. వెన్న 6, ఎస్.ఎన్.ఎఫ్. 9 ఉన్న 1000 కిలోల పాలను టోన్డ్ పాలుగా మార్చాలంటే 60 కిలోల వెన్న 2000 కిలోలకు సరిపోతుంది. ఆ 2000 కిలోలకు ఎస్.ఎన్.ఎఫ్. 170 కిలోలు కావాలి. మన దగ్గర 90 ఉంది, 80 తక్కువ. పాలపొడిలో నూటికి 96 పాళ్ళు ఎస్.ఎన్.ఎఫ్. అనుకొని, అందులోని స్వల్ప వెన్నను వదిలేస్తే, 80 కిలోలకు 83 కిలోల పైచిలుకు పొడి, మిగతా 917 కిలోలకు కొంచెం తక్కువగా నీరు. ఇక్కడ నీరు కలిపారు, కాని కొలిచి కలిపారు, ప్యాకెట్ మీద పేరు పెట్టి కలిపారు, చూరగొన్నది ఏమీ లేదు. కొలత, ప్రకటన లేని నీరే కల్తీ.

రెండు తెలియనప్పుడు ఒక లెక్క చాలదు

ఇప్పుడు పరీక్షకులు బాగా గమనించవలసిన భాగానికి వచ్చాము. ఒక సభ్యురాలి బర్రె పాలు మామూలుగా వెన్న 7, ఎస్.ఎన్.ఎఫ్. 9 పడుతున్నాయి. ఒకనాడు తేడా వచ్చింది. మూడు రకాలుగా రావచ్చు.

మొదటి రకం. వెన్న 6.3, ఎస్.ఎన్.ఎఫ్. 8.1 వచ్చాయి. నూరు కిలోల్లో నీళ్ళు "యా" అనుకుంటే, నూరులోంచి యా పోగా మిగిలిన పాలను 7తో హెచ్చిస్తే 630 కావాలి. యా పది. ఎస్.ఎన్.ఎఫ్. తో చూసినా అదే పది. ఇద్దరు సాక్షులు విడివిడిగా ఒకే మాట చెప్పారు. నీళ్ళని అనుమానించడానికి ఆధారం ఉంది.

రెండవ రకం. వెన్న 5.6కు దిగింది, ఎస్.ఎన్.ఎఫ్. 9కి తగ్గలేదు. వెన్న ఒక్కటే చూసే పరీక్షకుడు నూటికి ఇరవై నీళ్ళు అంటాడు. అదే నిజమైతే ఎస్.ఎన్.ఎఫ్. 7.2కు పడిపోవాలి గదా? పడలేదు. ఇవి నీళ్ళు కావు. మనకందరికీ తెలిసిన సంగతే, పొదుగులో ముందు వచ్చే పాలు పలుచన, చివరి ధారలు చిక్కన. ఆ పూట బర్రె చేపకపోయినా, చివరి పాలు దూడకు వదిలినా వెన్న తగ్గుతుంది. మీగడ తీసినా తగ్గుతుంది. ఏది జరిగిందో లెక్క చెప్పలేదు, అడిగి తెలుసుకోవాలి. నీళ్ళ నేరం మాత్రం మోపడానికి వీలులేదు.

మూడవ రకం. వెన్న 4.2, ఎస్.ఎన్.ఎఫ్. 8.1. వెన్న ఒక్కటే చూస్తే నూటికి నలభై నీళ్ళు. ఎస్.ఎన్.ఎఫ్. ఒక్కటే చూస్తే నూటికి పది. సాక్షులు పొంతన లేకుండా చెబుతున్నారంటే మన ప్రశ్నలో ఏదో లోపం ఉంది. వెన్న తీసిన పాలు కూడా కలిశాయేమో చూడాలి. నూటిలో అసలు పాలు "యా", వెన్న తీసిన పాలు "కా", నీళ్ళు "నీ" అనుకుందాము. తెలియనివి మూడు, కనుక మూడు మాటలు కావాలి. వెన్న తీసిన పాలలో వెన్న లేదని, ఎస్.ఎన్.ఎఫ్. 9 అని అనుకుంటే, వెన్న చెప్పే మాట 7 యా 420కి సమానం, యా 60. ఎస్.ఎన్.ఎఫ్. చెప్పే మాట 9 యా, 9 కా కలిసి 810, అంటే యా, కా కలిసి 90, కాబట్టి కా 30. బరువు చెప్పే మాట మూడూ కలిసి నూరు, కాబట్టి నీ పది. నీళ్ళు నలభై కాదు, పది.

లాక్టోమీటరు ఒక్కదానిని నమ్ముకోరాదని చెప్పేది ఇందుకే. వెన్న తేలిక, కనుక వెన్న తీస్తే రీడింగు పెరుగుతుంది. నీళ్ళు పోస్తే తగ్గుతుంది. రెండూ కలిపి చేసినవాడికి రీడింగు మళ్ళీ మామూలుకు వస్తుంది. తెలియనివి ఎన్ని ఉన్నాయో అన్ని వేర్వేరు కొలతలు ఉండాలి. అంతకన్నా తక్కువ కొలతలతో తీర్పు చెప్పడం సోది చెప్పడమే.

యంత్రం కూడా అనుకునే చెబుతుంది

నేడు చాలా కేంద్రాల్లో గంధకామ్లం, బ్యుటిరోమీటరు పోయి యంత్రాలు వచ్చాయి. నిమిషంలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూపుతాయి, చీటీ ముద్రిస్తాయి. మంచిదే. అందులో "కలిపిన నీరు" అని ఒక అంకె కూడా వస్తుంది. ఆ అంకె నీళ్ళను చూసి చెప్పినది కాదు. అసలు పాలు ఇలా ఉండాలని ముందుగా యంత్రంలో పెట్టిన ఒక ప్రమాణంతో పోల్చి, మనం ఇప్పుడు వేసిన లెక్కలాంటిదే వేసి చెప్పినది. ఆవు పాలకు బర్రె పాల అమరిక మీద చూసినా, యంత్రాన్ని సరిగా కడగకపోయినా, వేళకు సరిచూడకపోయినా లేని నీళ్ళు కనబడతాయి.

కాబట్టి చీటీలో నీరు అని వచ్చిందని పదిమందిలో క్యాను తిప్పి పంపవద్దు. మర్నాడు ఆ ఇంటికి ఇద్దరు పాలకవర్గ సభ్యులు వెళ్ళి, వారి ఎదుట బర్రెను పూర్తిగా పిండించి నమూనా తీయండి. ఆ నమూనాలో వచ్చిన వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. అంకెలే మన సమీకరణంలో అసలు పాల అంకెలు. మేము పైన 7, 9 అని అనుకున్న చోట ఆ ఇంటి పశువు చెప్పిన అంకె రావాలి. పశువు ఈనిన తొలినాళ్ళలో ఒక తీరు, ఎండబోయే ముందు ఒక తీరు పాలిస్తుంది. ఊరందరికీ ఒకే అంకె పెట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

పరీక్షకు కూడా ఒక హద్దు ఉంది. బ్యుటిరోమీటరు మీద పదో వంతు గీతలే ఉంటాయి. 120 కిలోల్లో పదో వంతు తేడా అంటే 120 గ్రాముల వెన్న. అంత తేడాకు ఎవరినీ నిలదీయవద్దు. అదే తేడా పూటపూటా ఒకే వైపుకు వస్తుంటే మాత్రం వదిలిపెట్టవద్దు. పరీక్షలో వచ్చే తేడా ఒకనాడు పైకి, ఒకనాడు కిందికి పోతుంది. ఎప్పుడూ కిందికే పోయే తేడాకు కారణం వేరే ఉంటుంది.

సంఘాలకు మా సూచనలు

మీ సంఘం 1964 చట్టం కింద నమోదైనదైనా, 1995 పరస్పర సహాయక సంఘాల చట్టం కింద నమోదైనదైనా ఈ లెక్క మారదు. 2016లో రుద్రంగి కరీంనగర్ జిల్లా నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి పోయింది. పాలు ఏ దారిన పోయినా వెన్న కిలో వెన్న కిలోయే.

మొదటిది, రోజువారీ పుస్తకంలో కిలోలు, వెన్న శాతం అనే రెండు గడుల పక్కన "వెన్న కిలోలు" అని మూడవ గడి గీయండి. పూట చివర ఆ గడిని కూడండి. కేంద్రం చీటీలోని వెన్న కిలోలను దాని కిందనే రాయండి. తేడా దానంతట అదే కనబడుతుంది.

రెండవది, నెలకొకసారి ఆ తేడాను సభ్యుల ముందు చదవండి. దాచిన చిన్న తేడా పెద్ద అనుమానం అవుతుంది. చెప్పిన పెద్ద తేడా కూడా అందరూ కలిసి వెతికే పని అవుతుంది.

మూడవది, సభ్యుల పిల్లలు పైతరగతుల్లో ఇవే లెక్కలు చదువుతున్నారు. వారానికి ఒక పూట ఒక పిల్లను కేంద్రానికి పిలిచి మీ పుస్తకం మీద లెక్క వేయించండి. ఆ పిల్లకు పరీక్షకు పనికివస్తుంది, మీకు సాక్ష్యానికి పనికివస్తుంది.

ఇంటికి వెళ్ళి చేయడానికి ఒక లెక్క ఇస్తున్నాము. రెండు సంఘాల పాలు ఒకే వాహనంలో వెళ్ళాయి. మొదటి సంఘానివి 80 కిలోలు, వెన్న 6. రెండవ సంఘానివి 120 కిలోలు. దాని నమూనా సీసా దారిలో పగిలిపోయింది. రెండూ కలిపిన 200 కిలోలకు 4.8 వచ్చింది. పగిలిన సీసాలో ఎంత ఉండేది? ఎవరి మాటా నమ్మనక్కరలేదు, ఎవరినీ అనుమానించనక్కరలేదు. నాలుగు వస్తే మీ లెక్క సరి.

పాలను, నీళ్ళను వేరు చేసే గుణం హంసకు ఉందని పెద్దలు చెప్పారు. మన సంఘాలకు హంసలు లేవు. తూకం ఉంది, పరీక్ష ఉంది, మూడవ గడి ఉంది. వచ్చే తనిఖీకి మేము వచ్చినప్పుడు ప్రతి సంఘంలో ముందుగా ఆ మూడవ గడినే చూస్తాము.